చిత్రంలో పసితనం, అద్దంలో మనం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా ఏర్పాటైన బాలల చిత్రకళా ప్రదర్శన ప్రారంభ సభలో ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగపాఠం)

 

డెబ్బై అయిదేళ్ళు ఒక బడికి చిన్న వయసు కాదు. తమిళనాట, మనలి వంటి కర్మాగారాల సీమలో, తెలుగు మాధ్యమంలో నడుస్తున్న బడికి అది మరీ పెద్ద వయసు. ఈ శుభవేళ మన పిల్లలు గీసిన బొమ్మలను పక్క గదులలో ప్రదర్శనకు పెట్టి, వాటిని ప్రారంభించే ముందు సమకాలీన చిత్రకళలో బాల్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా ఉత్సవ సంఘంవారు నన్ను ఆదేశించారు. నేను చిత్రకారిణిని కాను. పట్టం పుచ్చుకొని, ఉపాధ్యాయ శిక్షణ పొంది, ముప్ఫై ఏళ్ళుగా తెలుగూ సాంఘిక శాస్త్రమూ చెప్పుకుంటున్న పంతులమ్మను. అయితే బొమ్మలంటే నాకు ఆసక్తి ఉంది. అంతకు మించి, బొమ్మల విషయంలో నేను తీర్చుకోవలసిన ఒక పాత బాకీ ఉంది. మొదట దానిని మీ ముందుంచి, ఆ తరువాత చిత్రకారుల సంగతికి వస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ప్రాంతంలోనే మరొక బడిలో పనిచేశాను. ఒకనాడు డ్రాయింగ్ మాస్టారు సెలవు పెడితే నాలుగో తరగతి నాకు అప్పగించారు. "రాత్రి పూట ఆకాశం గీయండి" అన్నాను. పిల్లలందరూ నల్లని ఆకాశం, చందమామ, అయిదు కోణాల చుక్కలు గీశారు. ఒక పిల్లవాడు మాత్రం కాగితం పై సగమంతా నారింజరంగు పులిమాడు. చుక్కలు లేవు, చందమామ లేడు. "ఇది సాయంకాలం కదా నాన్నా, రాత్రి గీయమన్నాను" అన్నాను. "ఇది రాత్రే టీచర్, మా ఇంటి దగ్గర ఇట్లానే ఉంటుంది" అన్నాడు. పసివాడు, తెలియక చెబుతున్నాడనుకున్నాను. వాడి చేతికి నీలిరంగు క్రేయాన్ ఇచ్చి, నారింజరంగు మీద దిద్దించాను. రెండు రంగులూ కలిసి ఆకాశం బురద రంగుకు తిరిగింది. వాడు మారు మాట్లాడకుండా కాగితం నా చేతికిచ్చి కూర్చున్నాడు.

నేనప్పుడు తిరువొత్తియూరులో కాపురం ఉండేదాన్ని. నాలుగున్నరకు బడి వదలగానే బస్సెక్కి వెళ్ళిపోయేదాన్ని. మనలిలో పగటిని తప్ప రాత్రిని ఎరుగను. కొన్ని నెలల తరువాత బడి వార్షికోత్సవం నాడు చీకటి పడేదాకా ఉండవలసి వచ్చింది. వానాకాలం. మబ్బులు కిందికి దిగి ఉన్నాయి. కర్మాగారాలలో మిగులు వాయువును భద్రత కోసం మండించే ఎత్తైన గొట్టాలుంటాయని మీకందరికీ తెలుసు. ఆ రాత్రి అటువంటి గొట్టం చివర మంట లేచింది. దాని వెలుగు మబ్బులకు తగిలి ఆకాశంలో సగభాగం నారింజరంగు అయింది. చుక్క లేదు, చందమామ లేడు. నేను మైదానంలో నిలబడిపోయాను. ఆ పిల్లవాడు తెలియక గీయలేదు. తెలిసి గీశాడు. తెలియనిది నాకే.

ఈ సంఘటన తరువాత నేను బొమ్మలను, ప్రత్యేకించి పిల్లలున్న బొమ్మలను, వేరుగా చూడసాగాను. మనం పసివారి 'అమాయకత్వం' అంటుంటాం. మాటను విప్పి చూస్తే 'మాయ లేనితనం' అని అర్థం. కపటం ఎరుగనివాడు అమాయకుడు. కానీ వాడుకలో ఆ మాటకు 'ఏమీ తెలియనివాడు' అనే మరో అర్థం అతుక్కుంది. ఈ రెండు అర్థాలకూ నడుమ ఉన్న దూరం చాలా పెద్దది. మాయ లేని కన్ను ఉన్నదాన్ని ఉన్నట్టు చూస్తుంది. ఏమీ తెలియని కన్ను చూడనే చూడదు. పిల్లలను మనం మొదటి అర్థంలో పొగుడుతాం, రెండో అర్థంలో పెంచుతాం. మనుషుల రూపాలను చిత్రించే కళాకారులు గత నూట ముప్ఫై ఏళ్ళలో ఈ రెండింటి మధ్యనే తిరుగుతూ వచ్చారని నాకు తోస్తుంది. అది ఎట్లాగో కొన్ని చిత్రాల ద్వారా మనవి చేస్తాను.

రాజా రవివర్మ 1893లో 'అదుగో నాన్న వస్తున్నారు' అనే భావం గల పేరుతో ఒక తైలవర్ణ చిత్రం వేశారు. ఒక తల్లి బిడ్డను చంకనెత్తుకొని, భర్త వస్తున్న దిక్కును చూపిస్తుంటుంది. పక్కన పెంపుడు కుక్క. ఆ తల్లి రవివర్మ కుమార్తె మహాప్రభ, ఆ బిడ్డ ఆయన మనుమడు. చిత్రం పేరంతా తండ్రిదే గాని తండ్రి చిత్రంలో కనబడడు. ఇది ఒక తాతగారు చూసిన పసితనం. నిండుగా ఉంది, ముద్దుగా ఉంది, ఇంటి సంపద అంతా ఆ బిడ్డ ఒంటి నిగనిగలో ఉంది. బిడ్డ మనసులో ఏముందని ఆ చిత్రం అడగదు. అడగవలసిన అవసరం ఆ కాలానికి తోచలేదు. తరువాత అచ్చు యంత్రాలూ క్యాలెండర్లూ ఈ ముద్దును ఇంటింటికీ తెచ్చాయి. మన చిన్ననాట ప్రతి ఇంటి గోడమీదా ఒక బొద్దు పాపాయి నవ్వుతూ ఉండేది. గర్భవతులు ఆ బొమ్మను చూస్తే అటువంటి బిడ్డే పుడతాడని పెద్దలు చెప్పేవారు. అందులో తప్పేమీ లేదు. కాని ఆ పాపాయికి పేరు లేదు, ఊరు లేదు, ఆకలి లేదు. మన కోరికకే ఆ పాపాయి ముఖం తొడిగాం.

నలభై ఏళ్ళు గడిచాక అమృతా షేర్‌గిల్ వచ్చారు. 1913లో బుడాపెస్టులో పుట్టి, పారిస్‌లో చిత్రకళ అభ్యసించి, 1934 చివర భారతదేశానికి తిరిగివచ్చిన ఆమె, మరుసటి ఏడు ముగ్గురు అమ్మాయిల చిత్రం వేశారు. ముగ్గురూ దగ్గర దగ్గరగా కూర్చున్నారు. రంగు రంగుల బట్టలు కట్టారు. అయినా ఒక్కరూ నవ్వరు, ఒక్కరూ మనవంక చూడరు. తమ బతుకు గురించి ఇతరులెవరో తీసుకోబోయే నిర్ణయం కోసం ఎదురు చూస్తున్నట్టు ఉంటారు. ఆ చిత్రానికి 1937లో బొంబాయి ఆర్ట్ సొసైటీ స్వర్ణపతకం లభించింది. పారిస్‌లో ఉన్నంత కాలం ఆమె తన ముఖాన్ని తానే ఎన్నోసార్లు చిత్రించుకున్నారు. నవ్వుతూ, విచారిస్తూ, గర్విస్తూ. అట్లా తన్ను తాను శోధించుకున్న కన్ను గనుకనే ఇతర పిల్లల మౌనాన్ని చదవగలిగిందని నేను అనుకుంటాను. ఇరవై రెండేళ్ళ ఆ యువతి, ఆ ముగ్గురిలో తనకు దక్కిన స్వేచ్ఛను గురించి, వారికి దక్కనిదాన్ని గురించి కూడా ఆలోచించి ఉంటారు. ఆత్మపరిశీలన అంటే అద్దం ముందే కూర్చోనక్కరలేదు. ఎదుటివారి ముఖంలో తన లెక్క తాను చూసుకోవడమూ ఆత్మపరిశీలనే.

ఇక మన తెలుగువారి దగ్గరకు, మనం నిలబడి ఉన్న ఈ పట్నం దగ్గరకు వద్దాం. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మద్రాసులో నెలకొల్పిన చిత్రకళా పాఠశాల నేటికీ ఎగ్మూరు దగ్గర కళాశాలగా నడుస్తున్నది. అక్కడ దేవీప్రసాద్ రాయ్ చౌదురి ఆచార్యత్వంలో ఎందరో తెలుగువారు చదువుకున్నారు. వారిలో కె. శ్రీనివాసులు గారొకరు. 1923లో మద్రాసులో జన్మించి, బాల్యాన్ని నాగలాపురం పల్లెలో గడిపి, తరువాత కళాక్షేత్రంలో చిత్రకళ బోధించారు. పెద్ద చదువు చదివిన ఆ చేయి, చివరికి లేపాక్షి కుడ్యచిత్రాల గీతనూ పల్లె సంతలో అమ్మే కొయ్యబొమ్మల రూపాన్నీ ఎంచుకొంది. ఆయన చిత్రాలలో మనుషులకు విశాలమైన కళ్ళుంటాయి, వెడల్పైన చదును రంగులుంటాయి, నీడలు ఉండవు. 'పిల్లవాడి బొమ్మలా ఉందే' అని తొలిచూపున అనిపిస్తుంది. పిల్లవాడు అట్లా గీయగలడు, ఎందుకంటే వాడికి వేరొక దారి ఇంకా తెలియదు. శ్రీనివాసులు గారికి అన్ని దారులూ తెలుసు. తెలిసి వెనక్కు నడిచారు. సమకాలీన చిత్రకళలో పసితనానికి ఇది ఒక ముఖ్యమైన అర్థం. అది పోగొట్టుకోనిది కాదు. పోగొట్టుకొని, వెతికి, మళ్ళీ సంపాదించుకున్నది.

బాల్యం గురించి చెబుతూ మద్రాసు తెలుగువారు బాపు గారిని తలవకుండా ఉండలేరు. 1945లో న్యాయపతి రాఘవరావు గారు ఈ పట్నం నుంచే 'బాల' పత్రిక ప్రారంభించారు. దానిలో పిల్లలు రాసినవీ గీసినవీ వేసేవారు. అప్పటికి బడిపిల్లవాడైన బాపు గారి తొలి బొమ్మ, ఆయన మిత్రుడు ముళ్ళపూడి వెంకటరమణ గారి తొలి రచన ఆ పత్రికలోనే వెలువడ్డాయి. ఇద్దరూ మైలాపూరులోని పి.ఎస్. హైస్కూలులో చదువుకున్నవారు. పదేళ్ళు గడిచాక, 1950లలో, రమణ గారు రాసి బాపు గారు గీసిన 'బుడుగు' ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చింది. చిన్నప్పుడు తమ బొమ్మనూ తమ కథనూ అచ్చులో చూసుకున్న ఇద్దరు పెద్దవారై మళ్ళీ ఒక పిల్లవాడిని సృష్టించారు. ఆ పిల్లవాడు అమాయకుడా? మాయ లేనివాడే, సందేహం లేదు. కాని ఏమీ తెలియనివాడు మాత్రం కాదు. పెద్దల మాటల్లోని డొల్లతనమంతా వాడికి తెలుసు. బాపు గారు నాలుగే నాలుగు గీతల్లో వాడి చూపును పట్టుకున్నారు. తెలుగు ఇళ్ళలో పెద్దవారు ఆ బొమ్మలను చూసి నవ్వుతూనే తమ్మును తాము చూసుకున్నారు. దీన్ని పత్రికలో వేసే బొమ్మ అని తక్కువ చేయవద్దు. కాన్వాసు మీద ఎంత గొప్ప చిత్రకారుడు చేసే పనైనా ఇదే.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో జన్మించిన తోట వైకుంఠం గారిని తెలియనివారు తక్కువ. హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర శిక్షణ పొందారు. ఆయన పేరు వినగానే మనకు ముదురు చాయ ఒళ్ళు, పెద్ద బొట్టు, ఎరుపు పసుపు చీరెలు, కొప్పులో పూలు గల తెలంగాణ స్త్రీలు గుర్తుకు వస్తారు. అవి వయసు వచ్చిన స్త్రీల చిత్రాలు గదా, ఇక్కడ బాల్యమెక్కడిదని మీరు అడగవచ్చు. ఆ స్త్రీలను చూస్తున్న కన్ను బాలుడిది. ఆయన పల్లెలో చిన్నతనాన తిరుగుడు నాటక బృందాలు వచ్చేవి. మగవారే ఆడవేషం కట్టి, రంగు పూసుకొని, చీరె కట్టుకొని ఆడేవారు. ఆ మార్పును ఆ బాలుడు కళ్ళార్పకుండా చూశాడు. ఇంట్లో తల్లిని చూశాడు. బాలుడు తల ఎత్తి చూస్తే తల్లి ఎంత నిండుగా, ఎంత పెద్దగా కనిపిస్తుందో వైకుంఠం గారి స్త్రీలు కాగితం నిండా అంత పెద్దగా ఉంటారు. బాలుడు చిత్రంలో లేడు. చిత్రం బయట, మనం నిలబడిన చోటనే నిలబడి ఉన్నాడు. మనం ఆ చిత్రం ముందు నిలబడినంతసేపూ మన ఎత్తు కాస్త తగ్గుతుంది.

గుజరాత్‌లోని సురేంద్రనగర్‌లో 1937లో పుట్టిన గులాం మహమ్మద్ షేక్ గారు మరో దారిలో ఇటువంటి పనే చేశారు. ఆయన విదేశంలో చదువు ముగించుకొని వచ్చాక, 1969 నుంచి 1973 వరకు ఒక చిత్రంపై పనిచేశారు. 'చాలా కాలం తరువాత ఇంటికి రాక' అని దాని పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. చిన్ననాటి ఊరు, ఇళ్ళు, మసీదు, పైన ఆకాశంలో పారశీక చిత్రాల నుంచి వచ్చిన దేవదూతలు, అడుగున తల్లి. అది ఊరి నకలు కాదు. ఊరిని విడిచి వెళ్ళిన పెద్దవాడు, ఊరిలో మిగిలిపోయిన పిల్లవాడిని వెతుక్కుంటూ వచ్చిన దారి. 1981లో ఢిల్లీలోనూ బొంబాయిలోనూ షేక్ గారు, భూపేన్ ఖఖ్ఖర్, సుధీర్ పట్వర్ధన్, నళినీ మలానీ, వివాన్ సుందరం, జోగెన్ చౌదురి కలిసి ఒక ప్రదర్శన పెట్టారు. మనుషులకు చోటు అన్న భావంతో దానికి పేరు పెట్టారు. ఆకారం లేని రంగుల చిత్రాలకు ఎక్కువ గౌరవం దక్కుతున్న రోజుల్లో, మనిషి రూపానికీ మనిషి జ్ఞాపకానికీ చిత్రంలో చోటుండాలని వారు నిలబడ్డారు. నేటి చిత్రకారులలో ఎందరో తమ బాల్యాన్ని, తమ ఊరిని, తమ ముఖాన్ని ధైర్యంగా గీయగలగడం వెనుక అటువంటి ప్రయత్నాలున్నాయి.

మన పొరుగు కుంభకోణం ప్రాంతపు పల్లె నుంచి వచ్చిన ఎస్. ఇళయరాజా గారిని కూడా ఇక్కడ తలచుకోవాలి. 1979లో పుట్టి, కుంభకోణంలోనూ చెన్నైలోనూ ప్రభుత్వ కళాశాలలలో చదివి, తమిళ పల్లె ఆడపిల్లలను, వారి పరికిణీల మడతలను, గుమ్మం నుంచి ముఖం మీద పడే ఎండను ఫొటో అని భ్రమ కలిగేంత ఓపికతో చిత్రించారు. 2021లో కొవిడ్ వ్యాధి ఆయనను నలభై రెండేళ్ళకే పొట్టన పెట్టుకుంది. ఆయన చిత్రాలను చూసి 'ఎంత సహజంగా ఉన్నాయి' అని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ ఆడపిల్లలు రవివర్మ గారి నిగనిగకూ షేర్‌గిల్ గారి మౌనానికీ నడుమ ఎక్కడో కూర్చున్నట్టు కనిపిస్తారు. అందంగా ఉన్నారు. ఏదో ఆలోచిస్తున్నారు. ఆ ఆలోచన ఏమిటో చిత్రకారుడు మనకు చెప్పలేదు. చెప్పకపోవడం ఆ పిల్లల పట్ల ఆయన చూపిన గౌరవం.

సహృదయులారా, ఇంతమంది చిత్రకారులను ఒక వరుసలో నిలబెట్టి నేను చెప్పదలచుకున్నది ఒకటే. పసితనం పసివారి దగ్గర ఉన్నంతసేపూ దానికి పేరు లేదు. ఏ పిల్లవాడూ 'నేను అమాయకుణ్ణి' అనుకోడు. ఆ పేరు పెట్టేది పెద్దవారం. పెట్టేటప్పుడు మన గురించే ఎక్కువ చెప్పుకుంటాం. మంచి చిత్రకారుడు ఈ సంగతి ఎరిగి, పిల్లవాడి బొమ్మ గీస్తూ 'ఇందులో వాడెంత, నేనెంత' అని తన్ను తాను ప్రశ్నించుకుంటాడు. ఆ ప్రశ్న లేని బొమ్మ క్యాలెండర్ పాపాయిగా మిగిలిపోతుంది. ఆ ప్రశ్న లేని బోధన ఏమవుతుందో నాకు స్వానుభవం. అది నారింజరంగు ఆకాశం మీద నీలిరంగు పులుముతుంది.

మన బడులలో బొమ్మల పోటీ పెడితే ఏం జరుగుతుందో చూడండి. రెండు కొండలు, వాటి నడుమ సూర్యుడు, కింద ఏరు, ఏటి ఒడ్డున పూరిల్లు, ఒక కొబ్బరి చెట్టు, ఆకాశంలో నాలుగు పక్షులు. మనలిలో కొండ ఎక్కడుంది? ఇక్కడి పిల్లలకు తెలిసింది లారీల బారులు, గొట్టాలు, కొసస్తలై ఏరు, వాన వస్తే నీరు నిలిచే వీధులు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అయినా పోటీ అనగానే చూడని కొండలే గీస్తారు. ఆ కొండలను వారికి ఎవరు నేర్పారు? మనమే. 1949లో కార్టూనిస్టు శంకర్ గారు ఢిల్లీలో పిల్లలకు చిత్రలేఖన పోటీని ప్రారంభించినప్పుడు పిల్లల కల్పనకు తలుపు తీయాలన్నదే ఆ పెద్దమనిషి తలంపు. కాలక్రమాన మన ఊళ్ళలో పోటీ మిగిలింది, తలుపు మూసుకుంది. బహుమతి వచ్చే బొమ్మ ఏదో పిల్లలకు తెలిసిపోయింది. అప్పుడిక వాళ్ళలో మాయ లేనితనం ఎక్కడుంటుంది? మన మాయను వాళ్ళు అప్పగించిన పాఠంలా ఒప్పజెబుతున్నారు.

రాజమహేంద్రవరంలో ఒక దొర గారి కథ ఉపాధ్యాయులందరూ వినదగినది. ఆస్వాల్డ్ కూల్డ్రే గారు అక్కడి ఆర్ట్స్ కళాశాలకు అధ్యక్షులు. 1897లో పుట్టిన దామెర్ల రామారావు అనే కుర్రవాడి బొమ్మలు ఆయన కంటపడ్డాయి. చదువు మీద దృష్టి లేదని ఆయన ఆ కుర్రవాడిని దండించలేదు. ప్రోత్సహించి, బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరడానికి చేయూతనిచ్చారు. రామారావు గారు 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండానే మశూచి సోకి మరణించారు. అంత కొద్దికాలంలోనే ఆంధ్ర చిత్రకళకు ఒక దారి వేసి వెళ్ళారు. ఆయన చిత్రాలు నేటికీ గోదావరి ఒడ్డున ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో ఉన్నాయి. ఒక ఉపాధ్యాయుడు చేసిన పని ఏమిటి? పిల్లవాడి కాగితం వంక ఒక నిమిషం ఎక్కువ చూశాడు. నేను నా నాలుగో తరగతిలో ఆ నిమిషం చూడలేదు.

ఇక ఈనాటి ప్రదర్శన గురించి ఒక్క మాట. ఈసారి మేము పోటీ పెట్టలేదు, మొదటి రెండవ బహుమతులు లేవు. ఏడో తరగతివారికి తలా ఒక చిన్న అద్దం ఇచ్చి "మిమ్మల్ని మీరు గీసుకోండి" అన్నాము. చాలామంది ముఖాలు గీశారు. వాటిని చూసి మీరు నవ్వుకుంటారు, ఆనందిస్తారు. ఒక అమ్మాయి మాత్రం ముఖం గీయలేదు. కాగితం నిండా సున్నం పెచ్చులూడిన గోడ గీసింది. గోడకు ఒక మేకు, మేకుకు ఒక సంచి. పక్కనుంచి రెండు చేతులు వచ్చి జడ అల్లుతున్నాయి. జడ తప్ప పిల్ల లేదు. నేను బొమ్మ చేతిలోకి తీసుకొని, "ముఖం ఏదమ్మా?" అని అడగబోయాను. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. "ఇదేమిటో చెప్పు తల్లీ" అన్నాను. "రోజూ పొద్దున అమ్మ జడ వేసేటప్పుడు నేను ఈ గోడనే చూస్తాను టీచర్. నా ముఖం నాకు కనపడదు, గోడే కనపడుతుంది" అంది.

ముప్ఫై ఏళ్ళ అనుభవం తరువాత కూడా తప్పు ప్రశ్నే మొదట నా నోటికి వచ్చింది. అయినా ఈసారి చేతిలోకి క్రేయాన్ తీసుకోలేదు. ఆ బొమ్మ రెండో గదిలో, కిటికీ పక్కన ఉంది. చూడండి. ఆ పిల్ల తన్ను తాను గీసుకోలేదని మీకు తోస్తే, మరికొంతసేపు చూడండి. తల్లి చేతులు, తాను రోజూ చూసే గోడ, ఆ గోడ వంక తిరిగి కదలకుండా కూర్చున్న ఓర్పు. అంతకంటే నిజమైన స్వీయచిత్రం నేను చూడలేదు.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటి. ఇక్కడినుంచి ఇంటికి వెళ్ళాక మీ పిల్లలు ఏదైనా గీసి తెస్తే 'బాగుంది' అని వెంటనే అనవద్దు. 'ఇదేంటి ఇట్లా గీశావు' అని కూడా అనవద్దు. 'దీని గురించి చెప్పు' అనండి. తరువాత వినండి. సహోపాధ్యాయులకు నేను చెప్పవలసినది లేదు. నా తప్పు మీ ముందు ఒప్పుకోవడమే నేను చెప్పదలచుకున్నది.

ఆ నారింజరంగు ఆకాశం గీసిన పిల్లవాడు ఇప్పుడు నలభై దాటి ఉంటాడు. అతడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఆ కాగితం కూడా నా దగ్గర లేదు. ఒకవేళ ఈ సంచిక ఎప్పుడైనా అతడి చేతిలో పడి, ఈ మాటలు చదివితే, తన టీచరు ఒకరాత్రి ఆ ఆకాశాన్ని చూసిందని, అది సరిగ్గా అతడు గీసినట్టే ఉందని తెలుసుకోవాలని నా కోరిక.

 ఇక లేచి, పిల్లల బొమ్మల దగ్గరకు పోదాం రండి.